మూసిన తలుపు మౌనం

2021 జనవరి 22. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా హోసూరు బాగలూరు రోడ్డులో ముత్తూట్ ఫైనాన్స్ శాఖను ఉదయం తెరిచిన కాసేపటికే తుపాకులు పట్టుకున్న ముఠా ఒకటి లోపలికి జొరబడింది. సిబ్బందిని బెదిరించి, దాదాపు 25 కిలోల తాకట్టు బంగారం సంచుల్లో నింపుకొని పోయింది. మర్నాటికల్లా ఆ ముఠా ఆరు వందల కిలోమీటర్ల అవతల, హైదరాబాదు శివార్లలో పట్టుబడింది. బంగారంతో పాటే సంచిలోకి వెళ్లిన చిన్న జీపీఎస్ పరికరం వాళ్లను పట్టించింది. దారి పొడుగునా అది తానెక్కడున్నదీ చెబుతూనే ఉంది.

అంతకు ఆరేళ్ల ముందు, 2015 జనవరిలో, అదే కృష్ణగిరి జిల్లా కురుబరపల్లిలో బ్యాంక్ ఆఫ్ బరోడా శాఖకు దొంగలు కన్నం వేశారు. కిటికీ ఊచలను గ్యాస్ కట్టర్‌తో కోసి దూరారు. 6,000 సవర్లకు పైగా నగలు పోయాయి. సంగతి బయటపడింది ఉదయం సిబ్బంది వచ్చాకే.

బంగారం ఎంత పోయిందన్నది పత్రికలకు వార్త. మనకు కావలసింది వేరే ఉంది. ఒకచోట ఒక పరికరం మాట్లాడుతూనే పోయింది, ఇంకోచోట తెల్లవారేదాకా చప్పుడే లేదు. ఇంటి తలుపుకు సెన్సార్ కొనబోయినవాళ్లం అది ఎంత గట్టిగా అరుస్తుంది, ఎంత దూరం పలుకుతుంది అని అడుగుతాం. అరవనప్పుడు ఆ మౌనానికి అర్థమేమిటని మాత్రం అడగం. తలుపు భద్రంగా మూసి ఉందనా? బ్యాటరీ చచ్చిపోయిందనా? ఈ రెండింటికీ తేడా చెప్పగలిగిందే నమ్మదగిన సెన్సార్ అని నా లెక్క. ధర, అందం, యాప్‌లో రంగులు అన్నీ దాని తర్వాతే.

ఈ ప్రశ్న హోసూరుకు మరీ తగులుతుంది. 1970ల నుంచి తమిళనాడు ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ పారిశ్రామికవాడలు పెరుగుతూ వచ్చిన ఊరిది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వంటి కర్మాగారాల చుట్టూ షిఫ్టుల లెక్కన బతికే కాలనీలు పుట్టాయి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనికి పోతే పట్టపగలు ఇంటికి బీగమే కాపలా. డెంకణికోట, తళి, వేపనపల్లి వైపు పల్లెల్లో ఇంకో తీరు: తెలుగు మాట్లాడే పెద్దవాళ్లు పాత మిద్దెలో ఉంటారు, పిల్లలు బెంగళూరులో ఉంటారు. అమ్మానాన్నలు తిరుపతికో పెండ్లికో పోతే ఇల్లు నాలుగు రోజులు ఖాళీ. ఆ నాలుగు రోజులు తలుపు ఏం చేస్తోందో బెంగళూరులో కూర్చున్న కొడుక్కి తెలియాలి. హోసూరు దాకా నలభై కిలోమీటర్లు దూరమే కాదు, కానీ అత్తిబెలె దగ్గర బండ్ల వరసలో ఇరుక్కుంటే గంటన్నర ప్రయాణం.

ఇంతకీ తలుపు సెన్సార్ అంటే లోపల ఏముంటుంది? రెండు ముక్కలు. తలుపు రెక్క మీద చిన్న అయస్కాంతం, ద్వారబంధం మీద అగ్గిపెట్టెంత డబ్బా. ఆ డబ్బాలో ఎక్కువగా ఉండేది రీడ్ స్విచ్. సన్నని గాజు గొట్టం, అందులో నికెల్-ఇనుము మిశ్రమంతో చేసిన రెండు పలచటి రేకులు, వాటి కొనల మధ్య వెంట్రుకంత సందు. అయస్కాంతం దగ్గరికొస్తే రెండు రేకులూ అయస్కాంతాలై ఒకదాన్నొకటి అంటుకుంటాయి, కరెంటు పారుతుంది. దూరం జరిగితే వాటి బిగువే వాటిని విడదీస్తుంది. 1936లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్వుడ్ టెలిఫోన్ ఎక్స్చేంజీల కోసం దీన్ని రూపొందించాడు. గొట్టం మూసేసి ఉంటుంది కనుక దుమ్ము చేరదు, తుప్పు పట్టదు. లక్షలసార్లు తెరిచి మూసినా అరగదు. గ్రానైటు పాలిషింగ్ యూనిట్ల దుమ్ము ఎగిరే కృష్ణగిరి జిల్లాలో ఇది చిన్న గుణమేం కాదు. కొన్ని కొత్త సెన్సార్లలో రీడ్‌కు బదులు అయస్కాంత బలాన్ని నేరుగా కొలిచే హాల్ చిప్ ఉంటుంది. కింద పడితే పగలడానికి అందులో గాజు లేదు. రెంటిలో ఏది ఉన్నా ఇంటికి సరిపోతుంది. రీడ్ స్విచ్ పాడైందని అలారం విఫలమైన ఇళ్లు అరుదు. జబ్బంతా తర్వాతి అంకంలో, అంటే సెన్సార్ల మాట వినే కేంద్ర పెట్టెకు, హబ్బుకు, కబురు చేరే దారిలో ఉంటుంది.

ఆ దారి కథ చాలా పాతది. 1853లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు అగస్టస్ రసెల్ పోప్ అనే మతబోధకుడు తలుపులకూ కిటికీలకూ విద్యుత్ అలారం కట్టి పేటెంటు తీసుకున్నాడు. తలుపు తెరుచుకుంటే తీగల చుట్టు పూర్తవుతుంది, విద్యుదయస్కాంతం సుత్తిని లాగుతుంది, గంట మోగుతుంది. 1857లో ఆ హక్కులు కొన్న ఎడ్విన్ హోమ్స్ దాన్ని వ్యాపారంగా మలిచాడు. (ఆ వ్యాపారమే 1877లో బోస్టన్‌లో తొలి టెలిఫోన్ ఎక్స్చేంజీకి చోటిచ్చింది. అలారం తీగలు అప్పటికే ఊరంతా పాకి ఉన్నాయి మరి.) పోప్ ఏర్పాటులో ఒక లొసుగుంది. తలుపు మూసి ఉన్నంతసేపు తీగలో ఏమీ పారదు. దొంగ ముందుగా తీగ తెంపేస్తే తలుపు తీసినా గంట మోగదు. అక్కడ మౌనానికి రెండు అర్థాలు: అంతా క్షేమం, లేదా తీగ తెగింది.

దీనికి విరుగుడు సులువైనదే. కథను తిరగేయాలి. తలుపు మూసి ఉన్నప్పుడే కరెంటు పారాలి, అది ఆగితే గంట మోగాలి. అప్పుడు తలుపు తీసినా, తీగ తెంపినా, బ్యాటరీ అయిపోయినా ఫలితం ఒకటే, గోల. బ్యాంకుల్లోనూ నగల దుకాణాల్లోనూ తీగల అలారాలు నేటికీ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. కట్టే ఇంట్లో గోడలకు ఇంకా పూత పడకపోతే నా సలహా కూడా తీగే. పైపు వేయించి రెండు సన్న తీగలు లాగించండి, ఈ అధ్యాయంలో సగం మీకు అక్కర్లేదు.

కట్టేసిన ఇంటికి తీగ లాగడమంటే గోడలు చెక్కడం. అందుకే వైర్‌లెస్. తీగ పోయేసరికి పోప్ కాలపు లొసుగు మళ్లీ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డు దుకాణాల్లో పెట్టెలు పెట్టెలుగా దొరికే చవక సెన్సార్ల సంగతి చూడండి. వాటిలో చాలావరకు 433 మెగాహెర్ట్జ్ మీద నడిచేవి, తలుపు తెరుచుకున్నప్పుడు ఒక్కసారి కూత వేసి ఊరుకునేవి. మూసినప్పుడు కూడా చెప్పవు కొన్ని. కూత హబ్బుకు చేరిందో లేదో వాటికి తెలియదు, ఎందుకంటే వాటికి నోరుంది కాని చెవి లేదు. బ్యాటరీ తీసి పక్కన పెట్టినా, గోడ మీంచి ఊడి సోఫా వెనక పడినా, హబ్బుకు అంతా క్షేమమే.

మంచి సెన్సార్ ఇక్కడే వేరవుతుంది. ఏమీ జరగకపోయినా కొన్ని నిమిషాలకో గంటకో ఒకసారి అది పలకరిస్తుంది: నేనున్నాను, తలుపు మూసే ఉంది, బ్యాటరీ ఇంత ఉంది. అనుకున్న వేళకు ఆ పలకరింపు రాకపోతే హబ్బు మనల్ని లేపుతుంది. దీన్ని హార్ట్‌బీట్ అనీ సూపర్‌విజన్ అనీ అంటారు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసుకునే గుణం కాదిది. వాడుక పుస్తకంలో ఏ మూలనో ఉంటుంది, లేదా అసలే ఉండదు. అలారం వ్యవస్థలను నాలుగు గ్రేడ్లుగా విడదీసే యూరప్ ప్రమాణం ఈఎన్ 50131 మాత్రం రేడియోతో నడిచే అలారాలకు ఈ పలకరింపును విధిగా అడుగుతుంది. పెట్టె మీద ఆ అంకె కనిపిస్తే దాన్ని నేను బ్రాండు పేరుకన్నా ఎక్కువ నమ్ముతాను.

అంత తరచుగా మాట్లాడితే బ్యాటరీ ఏం కావాలి? అంగళ్లో అందరూ చెప్పే అడ్డమాట ఇదే. కాగితం మీద లెక్క వేద్దాం. గుండీలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీలో సుమారు 220 మిల్లీయాంప్-గంటల సరుకు ఉంటుంది. మంచి సెన్సార్ నిద్రలో 2 మైక్రోయాంపులు తాగుతుందనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు, కనుక నిద్ర ఖర్చు దాదాపు 17.5 మిల్లీయాంప్-గంటలు. ఇక ఒక్క పలకరింపుకు 20 మిల్లీయాంపుల చొప్పున సెకనులో నూరో వంతు పడుతుందనుకుంటే, గంటకోసారి పలకరించినా ఏడాదంతటికీ ఖర్చు అర మిల్లీయాంప్-గంట. అయిదు నిమిషాలకోసారి పలకరిస్తే ఆరు. అంటే అంత తరచుగా మాట్లాడినా అది నిద్ర ఖర్చులో మూడో వంతు మించదు. అసలు బ్యాటరీలో తేమ, వేడి, వయసు కలిసి లెక్కను కిందికి లాగుతాయి నిజమే, అయినా రెండు మూడేళ్లు ఢోకా లేదు. బ్యాటరీ మిగల్చడానికే పలకరింపు మానేశామనడం కుంటిసాకు.

సెన్సార్ నిద్ర లేవాల్సిన వేళ ఎలా తెలుసుకుంటుంది? ఈ జవాబు హోసూరువాళ్లకు ఇంటి పక్కనే ఉంది. టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో స్థాపించిన టైటాన్ ఇక్కడి కర్మాగారంలో క్వార్ట్జ్ గడియారాలు చేయడం మొదలుపెట్టింది. ఆ గడియారం గుండెకాయ సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న స్ఫటికం. ఆ అంకెను పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, అదే సెకను. చాలా సెన్సార్లలో నిద్రవేళ లెక్కపెట్టేది ఇదే రకం స్ఫటికం. మిగతాదంతా పడుకొని ఉంటే ఇదొక్కటే మేలుకొని ఉంటుంది. ముంజేతి గడియారాన్ని గుండీ బ్యాటరీ మీద ఏళ్లతరబడి నడిపిన విద్యే గుమ్మం మీదికి ఎక్కింది.

ఇప్పుడు అదే లెక్క వైఫై సెన్సార్‌కు వేయండి. ఇంట్లో రూటర్ ఎలాగూ ఉంది, హబ్బు ఖర్చు మిగులుతుందని జనం ఎగబడేది వీటికే. వైఫై సెన్సార్ నిద్ర లేచి, రూటర్‌ను వెతికి, సంకేతపదం చెప్పి, చిరునామా తీసుకొని, ఎక్కడో ఉన్న సర్వర్‌ను పలకరించేసరికి మూడు సెకన్లు పట్టొచ్చు, ఆ మూడు సెకన్లూ నూరు మిల్లీయాంపులు లాగొచ్చు. ఒక్క పలకరింపు ఇందాకటిదానికి 1,500 రెట్లు ఖరీదు. గంటకోసారి పలకరిస్తే ఏడాదికి 730 మిల్లీయాంప్-గంటలు. సన్న పెన్‌సెల్లులో ఉండేదే వెయ్యి చిల్లర. అందుకే వైఫై తలుపు సెన్సార్లు తలుపు తెరిచినప్పుడు తప్ప నోరు విప్పవు, విప్పినా రోజుకు ఒకటి రెండుసార్లు. చెడ్డ తయారీ వల్ల కాదు, అది ఆ పద్ధతి ప్రాణం. పక్క గది బీరువాకు, పిల్లలు ఫ్రిజ్ తలుపు మూశారో లేదో చూడ్డానికి బాగానే ఉంటాయి. వీధి వాకిలిని వాటి మీద వదిలేయలేను.

పౌనఃపున్యం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు, ఎందుకంటే తెలుగు ఇళ్లలో ఒక ప్రత్యేకమైన పొరపాటు జరుగుతుంది. అమెరికాలో ఉన్న కొడుకో అల్లుడో సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో అలారం కిట్టు తెస్తాడు. అక్కడి అలారం కంపెనీలు ఎక్కువగా వాడే 345 మెగాహెర్ట్జ్ మన దేశంలో ఈ పనికి కేటాయించినది కాదు. జెడ్-వేవ్ అనే రేడియో పద్ధతిలో నడిచే అమెరికా పరికరాలు పలికే 908.42 మెగాహెర్ట్జ్ ఇంకా ఇబ్బంది. ఇక్కడ సెల్‌ఫోన్లు టవర్‌కు మాట పంపే పట్టీలో పడుతుందది. చట్టం ఒప్పుకోదు సరే, పక్కనే పెద్ద గొంతుతో అరిచే ఫోన్ల మధ్య సెన్సార్ గొంతు ఎవరికి వినిపిస్తుంది? భారత ప్రభుత్వం 865–867 మెగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు అక్కర్లేకుండా విడిచిపెట్టింది, తర్వాత దాన్ని 868 దాకా పెంచింది. మన జెడ్-వేవ్ 865.2 దగ్గర పలుకుతుంది. యూరప్‌ది 868.42, అంటే కంచెకు కాస్త అవతల. కనుక పరికరం ఏ దేశం కోసం తయారైందో చూడాలి. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ ఆమోదం ఉందా అని అమ్మేవాణ్ని అడగాలి.

866 దగ్గర తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పన్నెండున్నర. పొడవైన తరంగం గోడలు దాటి వెళ్లడంలో కాస్త మెరుగు. రాతి మిద్దెలో రేడియో పలకదని ఈ వైపు చాలామంది భయపడతారు. పొడి గ్రానైటు తరంగాలను మింగేది తక్కువే. మందపాటి తడి మట్టిగోడ, కడ్డీలు దట్టంగా వేసిన కాంక్రీటు ఎక్కువ కష్టం. ఇనుప బీరువా వెనక హబ్బు దాచడం అన్నిటికన్నా కష్టం, అందులో రాయి తప్పేమీ లేదు.

2.4 గిగాహెర్ట్జ్‌లో జిగ్‌బీ సెన్సార్లు కూడా ఉన్నాయి. వైఫైలా ఆకలి లేనివి, గుండీ బ్యాటరీతో నడిచేవి, పలకరింపు ఉన్నవి, సమాచారాన్ని ఏఈఎస్ 128 బిట్ల గూఢలిపిలో పంపేవి. ధరకు తగ్గ వస్తువు. వాటి బలం వల: దూరపు సెన్సార్ మాటను దారిలో ఉన్న స్మార్ట్ ప్లగ్గో బల్బో అందుకొని హబ్బుకు చేరవేస్తుంది. ఈ వలకు మన వైపు ఒక శత్రువుంది. తమిళనాట నెలవారీ మరమ్మతుకని విద్యుత్ సంస్థ పగలంతా కరెంటు తీసే అలవాటుంది, ఏ రోజు ఏ వీధికి అన్నది ముందే పేపర్లో వేస్తారు. మనమే కాదు, పేపరు ఎవరైనా చదవొచ్చు. కరెంటు పోగానే గోడకు గుచ్చిన ప్లగ్గు చచ్చిపోతుంది, దాన్ని నమ్ముకున్న పెరటి తలుపు సెన్సార్ దిక్కులేనిదవుతుంది. కొత్త దారి వెతుక్కోవడానికి దానికి నిమిషాలు పట్టొచ్చు, దొరక్కపోనూవచ్చు. కాబట్టి కబురు మోసే ప్లగ్గు ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి, హబ్బు ఉండాలి, రూటరూ ఫైబర్ డబ్బా కూడా ఉండాలి. ఇందులో ఒక్కటి మరిచినా మిగతా మూడూ దండగ. హబ్బులో సిమ్‌కార్డు పెట్టే వీలుంటే ఇంకా మేలు.

చవక సెన్సార్ల గూఢలిపి గురించి కూడా చెప్పి ముందుకు పోదాం. 433 మెగాహెర్ట్జ్ సెన్సార్లలో కనిపించే ఈవీ1527 రకం చిప్పు ప్రతిసారీ ఒకే 20 బిట్ల అంకె పలుకుతుంది. సాధ్యమైన అంకెలు పది లక్షల చిల్లర. వినడానికి ఎక్కువ. కానీ ఊహించే పనే లేదు, గోడ అవతల ఒక్కసారి విని రికార్డు చేసుకుంటే చాలు. అదే కిట్టులో రిమోట్ కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది, దాని ‘అలారం ఆపు’ కూత దొరికితే ఇంటి కాపలా దొరికినట్లే. నిజానికి మన వీధుల్లో తిరిగే దొంగలకు ఇంత ఓపిక ఉంటుందనుకోను. వాళ్ల పనిముట్టు గడ్డపారే. అయినా ప్రతిసారీ అంకె మారే పద్ధతి, రెండు వైపులా మాట్లాడే పద్ధతి అందుబాటులో ఉన్నప్పుడు దీన్ని ఎంచుకోవడానికి కారణం కనబడదు.

కొన్నాక బిగించే పనిలో చెడేవే ఎక్కువ. పెట్టె మీద అయస్కాంతానికీ డబ్బాకూ మధ్య దూరం 15 మిల్లీమీటర్లనో 20 అనో రాసి ఉంటుంది. అది చెక్క తలుపు మీద కొలిచిన దూరం. ఈమధ్య కాలనీల్లో అందరూ పెట్టించుకుంటున్న ఉక్కు తలుపు మీద అయస్కాంతం బలంలో పెద్దపాలు ఉక్కులోకే పారిపోతుంది, పనిచేసే దూరం సగానికి పడిపోవచ్చు. పైగా ఏరియల్ ఇనుముకు అతుక్కుంటే రేడియో గొంతు కూడా కీచుమంటుంది. రెండింటికీ ఒకటే మందు, అయస్కాంతం కిందా డబ్బా కిందా అర అంగుళం చెక్కముక్కో ప్లాస్టిక్ ముక్కో పెట్టి బిగించడం.

చెక్క తలుపుకు వేరే తంటా. అక్టోబరు, నవంబరు వానలకు పాత టేకు తలుపు ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. ఘాటు దిగువన ఉన్న కృష్ణగిరి ఎండ హోసూరు కన్నా బాగా ఎక్కువ, అక్కడ ఈ తేడా ఇంకా కనిపిస్తుంది. వానల్లో సరిగ్గా అంచు మీద బిగించిన సెన్సార్ వేసవిలో గాలికి తలుపు కదిలిన ప్రతిసారీ కేకలు పెడుతుంది. అర్ధరాత్రి మూడుసార్లు ఉత్తుత్తి గోల చేసిన అలారాన్ని నాలుగో రాత్రి ఇంట్లోవాళ్లే ఆపేస్తారు. నాన్నా పులి కథ తెలియనివాళ్లెవరు! అందుకే రాసిన దూరంలో సగం దగ్గరే బిగించాలి. రీడ్ స్విచ్‌కు అతుక్కునే దూరం కన్నా విడిపోయే దూరం కొంచెం ఎక్కువ ఉంటుంది, ఆ కొంచెం తేడా చిన్న కుదుపులను మింగుతుంది. ఇక రెండువైపులా జిగురుండే టేపు: సున్నం గోడకూ డిస్టెంపరుకూ అది పట్టేది రంగు పొరను మాత్రమే. రంగుతో సహా ఊడి వస్తుంది. మరలు బిగించండి.

కిటికీల విషయంలో విదేశీ సలహాలు మనకు పనికిరావు. అక్కడ కిటికీ అంటే పైకి జరిగే అద్దం, రాత్రి మూసేది, దొంగ దాన్ని జరిపే వస్తాడు. మన కిటికీకి ఇనుప ఊచలుంటాయి, రెక్కలు గాలి కోసం తెరిచే ఉంటాయి, దోమతెర ఉంటే ఉంటుంది. తెరిచి ఉన్న రెక్కకు సెన్సార్ పెట్టి ఏం లాభం? మూసి ఉన్నా, కురుబరపల్లిలోలా ఊచలు కోసి వచ్చేవాడిని రెక్క మీది సెన్సార్ ఆఖర్న గాని గమనించదు. ఊచలకు కావలసింది అదురును పసిగట్టే వైబ్రేషన్ సెన్సార్, అదీ ఇంటి వెనక, వీధికి కనిపించని కిటికీలకు. లారీలు పోయే రోడ్డు పక్క కిటికీకి దాన్ని పెడితే రాత్రంతా జాగారమే.

కాబట్టి మామూలు ఇంటికి తలుపు సెన్సార్లు మూడో నాలుగో చాలు. వీధి వాకిలి, పెరటి తలుపు, మిద్దె మెట్ల మీది తలుపు. ఈ మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. పక్కింటి మిద్దె మీంచి మన మిద్దె మీదికి ఒక్క అంగ వేస్తే చాలని తెలిసి కూడా దానికి రేకు తలుపు, తుప్పు గడియ పెట్టి ఊరుకుంటారు. మిగిలిన డబ్బుతో నడవలో ఒక కదలిక సెన్సార్ పెట్టడం పన్నెండు కిటికీలకు పన్నెండు డబ్బాలు అంటించడం కన్నా తెలివైన పని. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం నడిపిన ఎల్‌హెచ్‌ఎంఎస్ పథకం ఆలోచన కూడా ఇలాంటిదే. ఊరెళ్లేవాళ్లు యాప్‌లో చెబితే పోలీసులు ఇంట్లో ఒక కెమెరా పెట్టిపోయేవారు. లోపల కదలిక కనబడితే కంట్రోల్ రూముకు కబురు పోయేది. ఏ సందులోంచి వచ్చినా దొంగ నడవ దాటాలి కదా.

కొత్త సెన్సార్‌ను గోడకెక్కించే ముందు దాన్ని బల్ల మీద పెట్టి ఏడిపించాలి. బ్యాటరీ తీసేసి గడియారం చూడండి. ఎంతసేపటికి హబ్బు ఫిర్యాదు చేస్తుంది? గంటా రెండు గంటల్లో చేస్తే సరే. ఒక రోజు గడిచినా చేయకపోతే అది పోప్ కాలపు సరుకు, మార్చుకునే గడువు ఉండగానే వెనక్కి ఇచ్చేయండి. రూటర్ ఆపేసి తలుపు తెరవండి, ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లో సైరన్ మోగాలి. కొన్ని వ్యవస్థల్లో తలుపుకూ అదే గదిలో ఉన్న సైరన్‌కూ మధ్య మాట సముద్రాలు దాటి సర్వర్‌కు పోయి తిరిగి రావాలి. ఆ కంపెనీ మూతపడిన రోజున మీ గుమ్మం మూగది. తర్వాత మెయిన్ స్విచ్ దించి అరగంట ఆగి మళ్లీ తెరిచి చూడండి. డబ్బా మూత ఊడదీస్తే కూడా కబురు రావాలి, అందుకోసం లోపల చిన్న మీట ఉంటుంది, చవక రకాల్లో ఉండదు. చివరగా ఫ్రిజ్ మీంచి ఒక అయస్కాంతం తెచ్చి డబ్బా బయటివైపు ఆనించి తలుపు తెరవండి. మోసపోతే కంగారు పడనక్కర్లేదు, చాలావాటిని అలా మోసం చేయవచ్చు. డబ్బా తలుపుకు లోపలివైపే ఉంటుంది కదా, దొంగకు అయస్కాంతం ఆనించే చోటు దొరకదు. బయటి గేటుకు పెట్టేటప్పుడు మాత్రం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంత చేసినా హోసూరులో ఒక గొలుసు లంకె మిగిలిపోతుంది. సెన్సార్ పలికింది, హబ్బు విన్నది, కబురు ఫోనుకు చేరింది. ఆ ఫోను ఎక్కడుంది? సెల్‌ఫోను లోపలికి తీసుకుపోనివ్వని కర్మాగారాలు కొన్ని ఉన్నాయి. గేటు దగ్గర లాకర్లో పెట్టి షిఫ్టుకు పోయినవాళ్లు ఎనిమిది గంటల తర్వాత ఆ కబురు చదువుతారు. అందుకని యాప్‌లో రెండో నంబరు, మూడో నంబరు పెట్టుకోవాలి. షిఫ్టు కలవని తమ్ముడిదో, బెంగళూరు మేనకోడలిదో. వాళ్లకన్నా ముందు, పగలు ఇంట్లో ఉండే పక్కింటి అక్కకు సైరన్ చప్పుడు ఒకసారి వినిపించి, అది మోగితే లోపలికి రావద్దు, బయటి నుంచి చూసి 100కు గాని 112కు గాని ఫోన్ చెయ్యమని చెప్పి ఉంచాలి. ఊరెళ్లేటప్పుడు పాలవాడికి చెబుతాం, పేపరువాడికి చెబుతాం. అలాగే ఆ అక్క దగ్గర బీగంచెవి ఉంచేటప్పుడు, దొంగ కాదని తేలాక అలారం ఆపే అంకె కూడా చెప్పాలి, లేకపోతే పిల్లి తోసిన పెరటి తలుపుకు వీధంతా సాయంత్రం దాకా సైరన్ వినాల్సి వస్తుంది.